ఇంట్లో రీసైక్లింగ్ మూన్నాళ్ల ముచ్చట కాకూడదంటే ఏం చేయాలి?

కాగితప్పడవ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో అత్తగారు, మామగారు, మేమిద్దరం, బడికి వెళ్లే పిల్లలు ఉంటాం. చెత్తను వేరు చేసి రీసైక్లింగ్‌కు పంపాలన్న విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. ఎప్పుడు మొదలుపెట్టినా ఉత్సాహంగానే సాగుతుంది. కొత్త డబ్బా వస్తుంది, దాని మీద చీటీ అతికిస్తాం, పిల్లలు పోటీపడి సీసాలు తెచ్చి వేస్తారు. కొన్ని వారాలు గడిచాక చూస్తే రెండు డబ్బాల్లోనూ ఒకే రకం చెత్త ఉంటుంది. ఎప్పుడు ఆగిందో ఎవరూ చెప్పలేరు. ఫలానా రోజు నుంచి వద్దని ఎవరూ అనుకోలేదు కూడా.

పర్యావరణం గురించి ఇంట్లో అందరికీ తెలుసు, ఇంకా చెప్పి ఒప్పించాల్సింది ఏమీ మిగల్లేదు. అందుకే నా ప్రశ్న వేరు. మీ ఇళ్లలో ఈ పని ఎవరూ గుర్తు చేయకుండానే జరిగిపోతుంటే, అది అలా కుదురుకోవడానికి అసలు కారణం ఏమిటి?

దీంతోపాటు రెండు సందేహాలు. డబ్బాలు, సీసాలు ఎంత శుభ్రంగా కడగాలి? ప్లాస్టిక్ అడుగున త్రికోణంలో ఉండే అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?

వేపచెట్టు

కాగితప్పడవ గారూ, ఒప్పించాల్సింది ఏమీ లేదన్నారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. ఇక మార్చాల్సింది మనుషులను కాదు, డబ్బాలు ఉన్న చోటును.

ఈ రోజు ఇంట్లో వాళ్లను ఏమీ అనకుండా ఒక పని చేయండి. ప్రతి వస్తువూ చేతిలో నుంచి ఎక్కడ జారిపోతోందో గమనించండి. ఖాళీ షాంపూ సీసా స్నానాల గదిలో, కవరు ఉత్తరం చింపిన బల్ల దగ్గర, అట్టపెట్టె వీధి తలుపు పక్కన, మందుల అట్ట మంచం పక్కన. రీసైక్లింగ్ డబ్బా మాత్రం వంటగది వెనకాలో, మెట్ల కిందో ఉంటుంది. తల తుడుచుకుంటూ బయటికి వచ్చిన మనిషి ఒక సీసా పట్టుకుని అంత దూరం నడవడు. పక్కనే ఉన్న చెత్తబుట్టలో వేస్తాడు. ఆ క్షణంలో పర్యావరణం మీద అతని అభిప్రాయం ఏదైనా సరే, చెయ్యి దగ్గరి బుట్టనే వెతుక్కుంటుంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. విద్యార్థులు ఉండే భవనాల్లో కింద నేలమాళిగలో ఉండే డబ్బాలను గది తలుపులకు 1.5 మీటర్ల దూరానికి తెచ్చారు. రీసైక్లింగ్ రెట్టింపుకు మించి పెరిగింది. ఉపన్యాసాలు లేవు, బహుమతులు లేవు. దూరం తగ్గించారు, అంతే.

నేను గట్టిగా పాటించే నియమం ఇంకొకటి ఉంది. ఇంట్లో ఏ గదిలోనూ చెత్తబుట్ట ఒంటరిగా ఉండకూడదు. ఒక్కటే ఉంటే అన్నీ అందులోకే వెళ్తాయి. దాని పక్కన చిన్నదైనా సరే ఇంకో బుట్ట ఉండాలి. స్థలం చాలదంటే ఆ గదిలోని చెత్తబుట్టను కూడా తీసేయండి.

నీలిమబ్బు

అంకెల గురించి నేను చెబుతాను. ఈ విషయంలో చాలామంది పొరబడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఆ త్రికోణంలోని అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతకంటే ఏమీ చెప్పదు. 1 అంటే పెట్, నీళ్ల సీసాల ప్లాస్టిక్. 2 అంటే షాంపూ సీసాల వంటి గట్టి పాలిథిన్. 3 పీవీసీ. 4 సంచుల వంటి మెత్తటి పాలిథిన్. 5 పాలీప్రొపిలీన్. 6 పాలీస్టైరీన్, థర్మోకోల్ దీనిలోకే వస్తుంది. 7 మిగతావన్నీ. అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం 1988లో ఈ పద్ధతి తెచ్చింది. చుట్టూ బాణాలు ఉండడంతో 'దీన్ని రీసైకిల్ చేస్తారు' అని జనం అనుకున్నారు. ఆ అయోమయం పోవాలనే 2013లో బాణాల బదులు మామూలు త్రికోణం వాడాలని ప్రమాణాన్ని మార్చారు. అయినా పాత అచ్చులతో చేసినవి, పాత గుర్తే వేసేవి ఇంకా వస్తూనే ఉన్నాయి.

కాబట్టి ఆ అంకెను చూసి నిర్ణయించకండి. మీ దగ్గర చెత్త సేకరించేవారు ఏవి తీసుకుంటారో కనుక్కోండి. 1, 2 చాలాచోట్ల తీసుకుంటారు. 3, 6, 7 తీసుకునే చోట్లు తక్కువ. వాళ్లు తీసుకోనిది మనం ఎంత శ్రద్ధగా వేరు చేసినా చివరికి చెత్తకుప్పకే పోతుంది, పోతూ పోతూ మంచి సరుకును కూడా పాడుచేస్తుంది.

పాతపుస్తకం

అందరి శ్రద్ధనూ గౌరవిస్తూనే ఒక మాట అడుగుతాను. 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన, 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల లెక్క తీసింది. అందులో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతం. 12 శాతం కాల్చేశారు. మిగతా 79 శాతం చెత్తకుప్పల్లో, నేల మీద, నీళ్లలో ఉంది.

ఈ లెక్క ముందు పెట్టుకుని, అలసిపోయి ఇంటికి వచ్చిన మనిషిని సీసా కడగమనడం న్యాయమేనా? ఒక కవరును ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి విడదీయరాకుండా తయారుచేసింది మనం కాదు. భారం మాత్రం మన వంటగదిలో పెట్టారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మూడోషిఫ్టు

చెత్తను వేరు చేసే కేంద్రంలో పనిచేస్తాను. పాతపుస్తకం గారి బాధ నాకు అర్థమవుతుంది. ఆ పొరల కవర్లు మా బెల్టు మీదకు వచ్చినప్పుడు మేమూ ఏమీ చేయలేం. కానీ ఆ 9 శాతం ప్లాస్టిక్ లెక్క. ఇంటి నుంచి వచ్చేది ప్లాస్టిక్ ఒక్కటే కాదు. అల్యూమినియం డబ్బాను కరిగించి మళ్లీ లోహం చేయడానికి, బాక్సైట్ ఖనిజం నుంచి తీయడానికి అయ్యే శక్తిలో 5 శాతం సరిపోతుంది. ఇనుప రేకు, గాజు ఎన్నిసార్లు కరిగించినా గుణం పోదు. అట్టపెట్టె మళ్లీ అట్టపెట్టె అవుతుంది. 'ఏం లాభం' అనుకుని డబ్బానే తీసేస్తే ఇవన్నీ పోతాయి.

మా దగ్గర ఏం జరుగుతుందో చెబితే ఇంట్లో చేసే పనికి అర్థం తెలుస్తుందని రాస్తున్నాను. లారీ కుమ్మరించినది బెల్టు మీద కదులుతుంది. మొదట మనుషులు చేతులతో పెద్ద వస్తువులు ఏరేస్తారు. తర్వాత తిరిగే చక్రాల వరుసలు ఉంటాయి. అట్టలు వాటి మీదుగా దొర్లిపోతాయి, చిన్నవి సందుల్లోంచి కిందికి పడతాయి. అయస్కాంతం ఇనుమును లాగేస్తుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు. దాని కోసం వేగంగా తిరిగే అయస్కాంతాల డ్రమ్ము ఒకటి ఉంటుంది, అది డబ్బాల్లో విద్యుత్తు పుట్టించి వాటిని ముందుకు ఎగరగొడుతుంది. ప్లాస్టిక్ మీద పరారుణ కాంతి వేసి, తిరిగి వచ్చే కాంతిని బట్టి అది ఏ రకమో యంత్రం గుర్తిస్తుంది. నల్ల ప్లాస్టిక్‌లోని మసి ఆ కాంతిని మింగేస్తుంది. అందుకే మంచి రకం ప్లాస్టిక్ అయినా నల్లగా ఉంటే చాలా యంత్రాలకు కనిపించదు.

అన్నిటికంటే మమ్మల్ని ఏడిపించేది పల్చటి ప్లాస్టిక్ సంచి. అది ఆ చక్రాల ఇరుసులకు చుట్టుకుంటుంది. ఒకదాని మీద ఒకటి బిగుసుకుని తాడులా అయిపోతుంది, సందులు మూసుకుపోతాయి. అప్పుడు మొత్తం లైను ఆపాలి. మా వాళ్లు యంత్రం లోపలికి దిగి, ఇరుసుల మధ్య కాళ్లు పెట్టుకుని వంగి, కత్తులతో ఆ చుట్లను కోసి పీకుతారు. చేతికి తొడుగులున్నా సూదులు, గాజుపెంకులు గుచ్చుకుంటాయి. మీరు శ్రద్ధగా వేరు చేసిన సీసాలను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి పంపితే, లోపల ఏముందో తెలియక చాలాచోట్ల ఆ మూటను మూటగానే పక్కన పడేస్తారు. సంచిలో పెట్టే పంపమని మీ దగ్గర చెప్పి ఉంటే తప్ప, విడిగా వేయండి.

ఒకదానిలో ఒకటి దూర్చకండి కూడా. రేకు డబ్బాలో గాజు సీసా, అందులో కాగితం కుక్కితే ఏ యంత్రమూ వాటిని విడదీయలేదు.

చిగురు

కడగడం గురించి. తళతళలాడాల్సిన పని లేదు. లోపల తిండి లేకుండా, పట్టుకుంటే చెయ్యి జిడ్డు కాకుండా ఉంటే చాలు. గిన్నెలు కడిగాక తొట్టిలో మిగిలిన నీళ్లు కొంచెం పోసి, మూత పెట్టి ఊపి పారబోస్తే పనైపోతుంది. దీని కోసం కొత్తగా కుళాయి తిప్పకూడదన్నది నా పట్టుదల. నూనె సీసాను మాత్రం కాసేపు బోర్లించి ఉంచాలి.

కడిగాక బోర్లించి ఆరనివ్వడం మరవద్దు, కడగడం కంటే ఇదే ముఖ్యం. తడి సీసా కాగితాల మధ్య పడితే కాగితం నానిపోతుంది, అందులో తిండి అంటితే బూజు పడుతుంది. వాసన మొదలైతే ఇంట్లో వాళ్లు ఆ డబ్బానే అసహ్యించుకుంటారు. చాలా ఇళ్లలో ఈ అలవాటు అక్కడే తెగిపోతుందని నా నమ్మకం.

మూతల సంగతి: కేంద్రాల్లో ప్లాస్టిక్‌ను ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. పెట్ సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. అలా రెండూ విడిపోతాయి. అందుకే ఇప్పుడు చాలాచోట్ల మూత బిగించే పంపమంటున్నారు. విడి మూత చిన్నది కదా, మూడోషిఫ్టు గారు చెప్పిన సందుల్లోంచి జారి చెత్తలో కలిసిపోతుంది.

గోరువంక

ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నారన్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. డబ్బా మీద 'ప్లాస్టిక్', 'కాగితం' అని రాస్తే చదివి, ఆలోచించి, నిర్ణయించుకోవాలి. మా అమ్మకు కళ్లజోడు లేనిదే ఆ అక్షరాలు కనిపించవు. అందుకని అసలు వస్తువునే అతికించాం. ఒక డబ్బా మూత మీద నొక్కిన రేకు డబ్బా, ఒకదాని మీద అట్టముక్క. ఇక అమ్మ అడగడం మానేసింది, చూసి వేసేస్తుంది.

మూతకు చేసే రంధ్రం ఆకారం కూడా పనిచేస్తుంది. కాగితాల డబ్బాకు సన్నటి చీలిక, సీసాల డబ్బాకు గుండ్రటి రంధ్రం పెడితే వేరే వస్తువు వేయబోయిన చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

ఇంకొకటి, మా పిల్లల దగ్గర చూసింది. నలగకుండా ఉన్న కాగితాన్ని కాగితాల్లో వేస్తారు. అదే కాగితాన్ని నలిపి ఉండ చేశారంటే చెత్తబుట్టలోకి విసురుతారు. ఇది పిల్లలకే పరిమితం కాదని, పెద్దవాళ్లు కూడా ఇలాగే చేస్తారని 2013లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఆకారం చెడినా, ముక్కలైనా ఆ వస్తువు మన కంటికి అప్పుడే చెత్తగా మారిపోతుందట. నొక్కుకుపోయిన డబ్బా విషయంలోనూ అంతే. అప్పటి నుంచి పిల్లలతో ఒక్కటే చెబుతున్నాను, కాగితం నలపకుండా మడిచి వేయండి అని. మడిచిన కాగితం ఎక్కడ వేయాలో చేతికే తెలుస్తోంది.

పాతపుస్తకం

మూడోషిఫ్టు గారూ, లోహం, గాజు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. యంత్రంలోకి దిగి సంచులు కోసే మనుషుల గురించి చదివాక నా ప్రశ్నను ఇంకోలా అడగాలనిపిస్తోంది.

మీరందరూ డబ్బా నింపడం గురించే మాట్లాడుతున్నారు. నాకు భయం అక్కడే. అదే 2013లో వచ్చిన ఇంకో ప్రయోగంలో కత్తెరలు పరీక్షించమని మనుషులకు కాగితాలు ఇచ్చారు. పక్కన చెత్తబుట్ట మాత్రమే ఉన్నప్పటి కంటే, రీసైక్లింగ్ డబ్బా కూడా ఉన్నప్పుడు వాళ్లు ఎక్కువ కాగితం కత్తిరించి పారేశారు. ఎలాగూ మళ్లీ వాడతారు కదా అన్న ధీమా చెయ్యిని వదులు చేస్తుంది. మన ఇళ్లలో ఆ ధీమా పెరగకుండా ఏం చేస్తున్నాం?

వేపచెట్టు

ఈ చర్చలో అడిగినవాటిలో నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే.

మా ఇంట్లో డబ్బా ఖాళీ చేసే పని ఒక్కరికే అప్పగించలేదు, వంతులు పెట్టుకున్నాం. ఖాళీ చేసేవాళ్లు లోపల ఏది ఎక్కువగా ఉందో చెప్పాలి, అంతే. అన్నీ చిన్న నీళ్ల సీసాలే ఉన్నాయని విన్న రోజున బయటికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచే సీసా పట్టుకెళ్లాలని ఎవరో అంటారు. కాగితాలే ఉన్నాయంటే రెండో వైపు ఎందుకు ఖాళీగా పోయిందని అడుగుతారు. డబ్బాను చూడకుండా ఖాళీ చేస్తే మీరన్న ధీమా పెరుగుతుంది, చూస్తూ ఖాళీ చేస్తే తగ్గుతుంది. చెత్త వేరు చేయడం వల్ల నాకు కనిపించిన అసలు ప్రయోజనం ఏమిటంటే, ఇంట్లోకి ఏం తెస్తున్నామో కళ్లకు కట్టడం. అన్నీ ఒకే సంచిలో కలిసిపోయినప్పుడు అది ఎప్పటికీ తెలియదు.

తాటాకు

కాగితం గురించి కొంచెం. మళ్లీ మళ్లీ వాడినకొద్దీ దాని పీచు పొట్టిదవుతుంది. సాధారణంగా 5 నుంచి 7 సార్ల వరకు పనికొస్తుందని చెబుతారు. పీచు నీళ్లలో విడిపోతేనే కొత్త కాగితం అవుతుంది కాబట్టి, నూనె పీల్చినదీ, లోపల ప్లాస్టిక్ పూత ఉన్నదీ ఇబ్బంది పెడతాయి. అట్టపెట్టెకు ఒక మూల జిడ్డు అంటితే ఆ మూల చింపేసి మిగతాది వేయండి, మొత్తం పారేయక్కర్లేదు. కాగితం కప్పు చూడటానికి కాగితమే, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మీ దగ్గర ప్రత్యేకంగా తీసుకుంటామంటేనే వేయండి.

చేతితో చేసి చూడగలిగే పరీక్షలు రెండు ఉన్నాయి, పిల్లలకు చాలా నచ్చుతాయి. రసీదు కాగితాన్ని గోటితో గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే అది వేడితో అచ్చయ్యే రసాయన పూత కాగితం. అలాంటివాటిని మామూలు కాగితాల్లో కలపకూడదు. రెండోది, మెరిసే కవరును పిడికిట్లో నలిపి చెయ్యి విప్పండి. ఉండలాగే ఉండిపోతే అల్యూమినియం రేకు. మెల్లగా విచ్చుకుంటే అది లోహపు పూత పూసిన ప్లాస్టిక్, రేకుల్లో వేయవద్దు.

నీలిమబ్బు

ఒక ముఖ్యమైన విషయం ఎవరూ ఎత్తలేదు. బ్యాటరీలు, పాత ఫోన్లు, బల్బులు రీసైక్లింగ్ డబ్బాలో వేయకూడదు, మామూలు చెత్తలోనూ వేయకూడదు. బ్యాటరీల కొనలకు టేపు అంటించి ఒక గాజు సీసాలో పోగుచేసి, అన్నిటినీ విడిగా తీసుకునే చోట ఇవ్వండి.

మూడోషిఫ్టు

నీలిమబ్బు గారు చెప్పింది దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. లిథియం బ్యాటరీ లారీలో నలిగితే నిప్పు పుడుతుంది. దాని చుట్టూ ఉండేవి ఎండిన అట్టలు, కాగితాలు. బొమ్మల్లో, వెలిగే చెప్పుల్లో, పాటలు వినిపించే శుభాకాంక్షల కార్డుల్లో కూడా బ్యాటరీ ఉంటుంది. పారేసే ముందు ఒక్కసారి తిప్పి చూడండి.

చందమామకథ

ఇక కాగితప్పడవ గారు మొదట అడిగిన 'కొన్ని వారాల' సంగతి. లండన్‌లో అలవాట్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. తాము ఎంచుకున్న చిన్న పని ఆలోచన లేకుండా జరిగే స్థాయికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే పడితే, కొందరికి 254 దాకా పట్టవచ్చని లెక్క తేలింది. అంటే మీ ఇంట్లో అది ఆగిపోయింది అలవాటు కుదరక ముందే. మీ వాళ్లకు పట్టుదల లేదని దీని అర్థం కాదు, గడువు చాలలేదు. అదే అధ్యయనంలో, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా తేడా రాలేదని కూడా తేలింది. కాబట్టి ఒక రోజు కలిసిపోయిందని మొత్తం వదిలేయాల్సిన పని లేదు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టవద్దని నా సలహా. ఒక్క వస్తువుతో, అన్నిటికంటే సులువైనదానితో మొదలుపెట్టండి. అట్ట, కాగితం అయితే మేలు. కడగక్కర్లేదు, వాసన రాదు. దాన్ని రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి. రాత్రి వంటగదిలో దీపం ఆర్పే ముందు గట్టు మీదున్న కాగితాలు డబ్బాలోకి వెళ్లాలి, అంత మాత్రమే. ఇది ఎవరూ గుర్తు చేయకుండా జరుగుతున్నప్పుడే రేకు డబ్బాల జోలికి వెళ్లండి. ప్లాస్టిక్ చివర్లో. అందులోనే నియమాలు ఎక్కువ, సందేహాలు ఎక్కువ, మొదటి వారంలోనే దానితో తలపడితే ఇంట్లో వాళ్లు విసుగెత్తిపోతారు.

చిగురు

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సందేహం వచ్చిన ప్రతిసారీ గొడవ పడకుండా 'తెలియనివి' అని ఒక చిన్న పెట్టె పెట్టండి. వారానికోసారి ఇంట్లో ఒకరు కూర్చుని వాటి సంగతి కనుక్కుంటారు. అనుమానంగా ఉన్నదాన్ని ఆశతో రీసైక్లింగ్‌లో పడేయడం కంటే ఇది ఎంతో నయం.

కాగితప్పడవ

అందరికీ ధన్యవాదాలు. రాత్రి అందరం కూర్చుని ఈ చర్చ చదివాం. మామగారికి చక్రాల్లో చుట్టుకునే సంచుల సంగతి మనసుకు తగిలింది. సీసాలను సంచిలో కట్టే పని ఆయనే చేసేవారు, ఇకపై పెట్టెలో విడిగా వేస్తానన్నారు. వంటగది వెనకున్న పెద్ద డబ్బాను లోపలికి తెచ్చాం, స్నానాల గదిలో బుట్ట తీసేశాం. ముందు కాగితం ఒక్కటే. మిగతావి తర్వాత.

చివరిగా ఒక సందేహం. పగిలిన గాజు గ్లాసు సీసాలతో పాటు వేయవచ్చా?

మూడోషిఫ్టు

వద్దండీ. తాగే గ్లాసులు, పొయ్యి మీద పెట్టే గాజు గిన్నెలు, అద్దాలు సీసాల గాజు కావు. వాటి మిశ్రమం వేరు. వేడికి తట్టుకునే గాజు కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, కొలిమిలో కరగని ముక్క మిగిలితే దానితో చేసిన కొత్త సీసాలో లోపం వస్తుంది. పింగాణీ ముక్కతోనూ అదే ఇబ్బంది. పగిలిన గ్లాసును మందపాటి కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, పైన 'పగిలిన గాజు' అని పెద్ద అక్షరాలతో రాసి మామూలు చెత్తలో ఇవ్వండి. ఆ పెట్టెను ఎత్తేవాళ్లు చేతులతోనే ఎత్తుతారు.